నీలం బోర్డు దారి

మా లోయలో నీలం బోర్డు పెట్టారంటే అది సైకిళ్ళకి తేలిక దారి అని అర్థం. ఎర్ర బోర్డు దారికి కాస్త చేతనైనవాళ్ళు రావాలి. నల్ల బోర్డు దారికి ప్రాణం మీద ఆశ లేనివాళ్ళు రావాలి. నీలం బోర్డు మాత్రం అందరిదీ. పసిపిల్లల్ని వెనక చిన్న బండిలో పడుకోబెట్టుకుని వచ్చేవాళ్ళు, పెళ్ళయ్యాక మళ్ళీ సైకిల్ ముట్టనివాళ్ళు, బ్యాటరీ సైకిలెక్కి కాళ్ళు ఊరికే తిప్పేవాళ్ళు, ఎవరైనా రావచ్చు. చర్చి దగ్గర బయల్దేరి, వాగు వెంట పైకొచ్చి, కొండ మీద వేసవిలో ఆవులు మేసే మా పైమేత నడిమధ్య నుంచి వంపు తిరిగి, అవతలి ఒడ్డున అడవిలో పడి మళ్ళీ చర్చి దగ్గరికి దిగే చుట్టు అది. పొద్దున ఎండెక్కాక బయల్దేరినా భోజనం వేళకి కింద ఉంటారు.

ఆ బోర్డులు పాతిన వేసవీ, మా నాన్న పోయిన వేసవీ ఒకటే. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి అనకూడదని మా తమ్ముడి కోరిక. నేను అంటాను. ఈ వేవికి నోరెక్కువ అని మా లాన్ ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఇప్పుడు కొత్తగా పోయే పరువేం లేదు.

పైమేత నాది కాదు. ఆవులూ నావి కావు. మా టిరోల్ కొండసీమలో పొలాన్ని ముక్కలు చెయ్యరు, ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. నేను పెద్దదాన్నే అయినా ఇచ్చింది తమ్ముడు కాసియన్‌కి. నాకు వేసవి దక్కింది. జూన్‌లో మందని తోలుకుని పైకెక్కితే సెప్టెంబరు దాకా నేనే అక్కడ రాణిని, నేనే పనిమనిషిని. పాలు పితకాలి, రాగి కాగులో చీజ్ చెయ్యాలి, కొట్టం కడగాలి, కంచె విరిగితే కట్టాలి. నాన్న నాతో ఉండేవాడు. ఆయన పేరు రోమెడ్. పొలం కొడుకు చేతిలో పెట్టాక ఆయనకి కింద ఇంట్లో ఊపిరాడేది కాదు. కోడలు హెర్మీనా చెప్పులు బయట విప్పమనేది మరి.

బోర్డులు జీపులో వేసుకుని కాసియనే వచ్చాడు, వెంట పర్యాటక సంఘం వాళ్ళిద్దరు. మా పచ్చిక మధ్యలోంచి దారి ఇవ్వడానికి చలికాలంలోనే ఒప్పేసుకున్నాడట. నాకు అప్పుడే తెలిసింది. దారికి మూడు చోట్ల మా కంచె అడ్డం, మూడు చోట్లా కొయ్య గేట్లు. వాటి బదులు నేలలో ఇనప కడ్డీలు పరిస్తే, సైకిల్ దాని మీంచి పోతుంది, ఆవు కాలు పెట్టదు. అవి ఎప్పుడు వేస్తారని అడిగాను. వచ్చే ఏడాది తప్పకుండా అన్నారు. ఈ ఏడాదికి గేటు మీద ఒక రేకు కొడతాం, "దయచేసి మూయండి" అని. అందులో నవ్వుతున్న ఆవు బొమ్మ కూడా ఉంది.

"ఆవు నవ్వడం నువ్వెప్పుడన్నా చూశావురా?" అన్నాను కాసియన్‌తో.

వాడు నా మాట వినిపించుకోనట్టు నాన్న వైపు చూశాడు. నాన్న ఆ రేకుని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, బొమ్మలో కొమ్ములు పైకి ఉండాల్సింది పక్కకి ఉన్నాయన్నాడు. ఆయన కాదంటాడని నేను ఎదురుచూశాను. ఎందుకు అనలేదో తర్వాత తెలిసింది, ఆ ముసలాయనకి మనుషులంటే ఇష్టం. పైన ఇన్నేళ్ళు నా మొహం ఒక్కటీ చూసి విసిగిపోయి ఉంటాడు.

జూలై వచ్చేసరికి నాన్నకి కొత్త ఉద్యోగం దొరికింది. పొద్దున టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని మధ్య గేటు దగ్గర రాయి మీద కూర్చునేవాడు. వచ్చేవాళ్ళకి తెరిచేవాడు, పోయాక మూసేవాడు. కొందరు ఆయనకి చెయ్యూపి అలాగే దూసుకుపోయేవాళ్ళు, ఆయన లేచి వెళ్ళి గేటు వేసి, ఇనప తీగ రెండు మెలికలు తిప్పి మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. మర్యాదస్తులు దొరికితే నిలబెట్టి కబుర్లు చెప్పేవాడు. మీ ఇంట్లో తలుపు ఎవరు వేస్తారమ్మా అని ఒకావిడని అడిగితే, మా ఇంట్లో దానంతటదే పడుతుందండీ అందిట. ఆ మాట ఆయన నాకు వారం రోజులు చెప్పి చెప్పి నవ్వాడు. సైకిళ్ళ వాళ్ళు ఆయనకి గేటు తాత అని పేరు పెట్టారు, ఫోటోలు తీసుకున్నారు. ఆయన ప్రతి ఫోటోకీ టోపీ సర్దుకునేవాడు.

కాసియన్ కూడా సంబరపడ్డాడు. వచ్చేవాళ్ళు మా గుడిసె ముందు బల్లల మీద కూర్చుని మజ్జిగ తాగి, చీజ్ కొనుక్కుని వెళ్తున్నారు. హెర్మీనా కింద నుంచి గళ్ళ గుడ్డలు పంపింది, బల్లల మీద పరచమని. పరిచాను. నాది ఒకటే బాధ, ఆ గేట్లు. ఆదివారం కాసియన్ పైకొచ్చినప్పుడల్లా కడ్డీల సంగతి అడిగేదాన్ని. "అక్కా, నాన్న చూసుకుంటున్నాడుగా" అనేవాడు. డెబ్భై దాటిన మనిషిని గేటుకి గడియలా వాడుకుంటున్నామని వాడికి తట్టలేదు. తట్టినా పైకి రానివ్వలేదు.

ఆగస్టు నడుమ మేరీమాత పండుగ. ఊరికి సెలవు. ఆ రోజు వచ్చినంత మంది అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నం తిరిగేసరికి పడమటి శిఖరం వెనక ఆకాశం నల్లబడింది. మాకు అలవాటే, బల్లల మీద గుడ్డలు తీసేసి నాన్నా నేనూ పాడి ఆవుల్ని కొట్టంలోకి తోలుకున్నాం, పెయ్యలు ఇంకా పచ్చికలోనే ఉన్నాయి. సైకిళ్ళ వాళ్ళకి అలవాటు లేదు. మొదటి ఉరుముకే అందరూ ఒక్కసారి లేచి కిందికి తొక్కడం మొదలెట్టారు. అందరూ మధ్య గేటులోంచే పోయారు. వెనకవాడు వేస్తాడని ముందువాడు అనుకుని ఉంటాడు. వెనకవాడికి వాన తప్ప ఇంకేం కనపడి ఉండదు.

కొట్టంలో నేను పాలు పితుకుతుంటే నాన్న తలుపులోంచి తొంగి చూసి, పెయ్యలు గేటు దాటాయి, కోన వైపు పోతున్నాయి అన్నాడు. గేటుకి అవతల కొంచెం దూరంలోనే నిట్టనిలువుగా దిగిపోయే కోన. మంచి రోజున అయితే పెయ్య అక్కడికి పోదు, ఉరుముకి బెదిరితే ఎక్కడికైనా పోతుంది. ఆగు, నేనూ వస్తున్నా అన్నాను. వర్షపు కోటు తగిలించుకుంటూనే వెళ్ళిపోయాడు.

పెయ్యలు తిరిగి వచ్చాయి. అన్నీ వచ్చాయి. మెడగంటలు మోగించుకుంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చి కొట్టం ముందు నిలబడ్డాయి. నాన్న రాలేదు.

కోన అంచున రాళ్ళ మధ్య దొరికాడు. తుంటి విరిగింది. వాన నీళ్ళు ఆయన వీపు కిందనుంచి పారుతున్నాయి. ఫోన్ పనిచేసే చోటికి పరిగెత్తి నేను కబురు చెయ్యాలి, కింద నుంచి కొండ రక్షకులు ఎక్కి రావాలి, ఆయన్ని స్ట్రెచర్‌కి కట్టి మొయ్యాలి. ఎంత సేపు అందులో తడిశాడో చెప్పడం నాకిష్టం లేదు. నా కోటు కూడా ఆయన మీదే కప్పాను, ఏం లాభం.

పట్నంలో ఆసుపత్రిలో తుంటి బాగు చేశారు. తర్వాత ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది. నేను వెళ్ళినప్పుడు కాసియన్ మంచం పక్కనే ఉన్నాడు. నాన్న నన్ను చూసి అడిగిన మొదటి మాట, పెయ్యలు అన్నీ వచ్చాయా అని. అన్నీ వచ్చాయి నాన్నా అన్నాను.

"అయితే ఈ ఏడు కూడా పూలు కట్టొచ్చు," అన్నాడు.

మళ్ళీ మాట్లాడలేదు. ఆగస్టు ఆఖర్లో పోయాడు.

ఈ పూల సంగతి చెప్పాలి. సెప్టెంబరులో మంద పైమేత దిగి ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఆవుల తలలకి పూలకిరీటాలు కడతాం. దేవదారు రెమ్మలు, కొండపూలు, రిబ్బన్లు, ముందు నడిచే ఆవుకి అన్నిటికంటే పెద్ద కిరీటం, మధ్యలో చిన్న అద్దం. వేసవంతా ఏ కీడూ జరగలేదు, తీసుకెళ్ళినవాటిని తెచ్చాం అని ఊరికి చెప్పడం అది. పైన పశువు పోయినా, మనిషి పోయినా ఆ ఏడు పూలు లేవు. గంటల్లో గడ్డి కుక్కి, మందని ఉత్త తలలతో, చప్పుడు లేకుండా దింపాలి. ఊరివాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి టోపీలు తీసి నిలబడతారు. ఒకసారి మా ఊరి పాంక్రజ్ ఆవు మా పైమేతలో పిడుగు పడి పోతే నాన్న మా మందని కూడా అలాగే దించాడు. మన ఆవు కాదుగా అని ఎవరో అంటే, మన కొండేగా అన్నాడు. అంత పట్టింపు మనిషి.

మా అమ్మ నోట్‌బుర్గ మాత్రం మంద దిగే రోజు ఎప్పుడూ వాకిట్లోకి రాదు. ఊరంతా వీధిలో ఉంటే ఆవిడ వంటింట్లో వెన్నలో తీపి లేని మా పిండి బూరెలు వేయిస్తూ ఉంటుంది. పొయ్యి మీద మూకుడు వదిలి ఎలా వస్తానే అనేది. చిన్నప్పటి నుంచీ నాకు అదే తెలుసు.

నాన్నని పాతిపెట్టిన రోజు అమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరితో చేయి కలిపింది, అందరికీ సూప్ అందిందో లేదో చూసింది. అంతకు ముందు గుంట తవ్వేవాడి దగ్గరికి వెళ్ళి, ఎడమ మూల ముట్టుకోకు అని ఒక్క మాట చెప్పింది. తన కోసం చోటు ఉంచుకుంటోంది కాబోలు అనుకున్నాను. మా సమాధి ఇనప శిలువ మీద తాతల పేర్లూ, ముత్తాతల పేర్లూ చాలా ఉన్నాయి, నేనెప్పుడూ అన్నీ చదవలేదు.

మర్నాడే పైకి వెళ్ళిపోయాను. ఆవులు ఆగవు కదా. నాన్న పనీ నా నెత్తిన పడింది, గేట్లతో సహా. సైకిళ్ళు వస్తూనే ఉన్నాయి. గేటు తాత ఏడి అని అడిగేవాళ్ళు. పోయాడు అంటే, అయ్యో అని హెల్మెట్ తీసి, కాసేపు ఆగి, మజ్జిగ ఉందా అనేవాళ్ళు. వాళ్ళనేం అంటాం. నాకు వాళ్ళ మీద కోపం లేదని అబద్ధం చెప్పను గానీ, అసలు కోపం వాళ్ళ మీద కాదు.

ప్రతి ఏడూ ఆ రోజుల్లో సాయంత్రం నేను కిరీటాలు కట్టేదాన్ని. ఆ ఏడు రెమ్మ కొయ్యలేదు. నాకు ఇంకేం అక్కర్లేదు, ఒకటే కావాలి. మంద ఉత్త తలలతో దిగాలి. మా నాన్న ఈ కొండ మీద పోయాడని, ఆ గేటు వల్ల పోయాడని ఊరు టోపీ తీసి ఒప్పుకోవాలి. ఆయనకి నేను ఇవ్వగలిగింది అదొక్కటే.

కాసియన్ ఒక ఆదివారం హెర్మీనాని వెంటబెట్టుకుని వచ్చాడు. కొట్టంలో ఒక మూల ఖాళీగా ఉండటం చూసి రెమ్మలేవి అక్కా అన్నాడు. లేవన్నాను, ఎందుకో కూడా చెప్పాను. వాడు బల్ల మీద కూర్చుని టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. మంద దిగే రోజునే కొత్త సైకిల్ చుట్టుకి పండుగ పెట్టారట, బ్యాండు మేళం వస్తుందట, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారట. ఆవులు పూలతో ఆ చుట్టు దారి వెంటే దిగుతాయని అందరికీ చెప్పేశారట.

"ఉత్త తలలతో దింపితే ఏమవుతుందో తెలుసా? దారి నాన్నని చంపిందని నేనే ఊరందరి ముందూ చాటినట్టు. ఒప్పుకుంది నేను. రేపటి నుంచి నా మొహం ఎవరికి చూపించను?"

"నిజమేగా మరి," అన్నాను.

"నాన్న ఆసుపత్రిలో పోయాడక్కా. నిమ్ము చేసి పోయాడు. కొండ మీద పోలేదు. పూలు కట్టొచ్చని ఆయనే అన్నాడు, నువ్వు విన్నావు, నేనూ విన్నాను."

"తను బతుకుతాననుకుని అన్నాడురా ఆ మాట."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట చెప్పకపోతే పాపం. తండ్రి మీద ప్రేమ లేనివాడు కాదు వాడు, భయం దానికంటే ఎక్కువ అంతే. హెర్మీనా గళ్ళ గుడ్డలు మడతపెడుతూ, "వదినా, కట్టడం నీకు కష్టమైతే పట్నంలో పూలకొట్టు వాళ్ళు చేసిస్తారులే" అంది. మెత్తగానే అంది. ఆవిడ ఏదీ గట్టిగా అనదు. నా ప్రాణం ఉండగా అవి ఆవు తల ఎక్కవని నేను గట్టిగానే అన్నాను. ఆవులు ఎవరివి అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

అయినా నాకు ధైర్యం ఉంది. అమ్మ ఉంది. పొలం రాసిచ్చినా, ఇంట్లో ఆఖరి మాట ఇప్పటికీ ఆవిడదే. కాసియన్ ఆవిడ ముందు పిల్లి. కట్టుకున్నవాడు పోయిన ఏడు ఆవుకి పూలు పెట్టనిస్తుందా? దిగే రోజు అమ్మని పైకి తీసుకురా, ఆవిడ ఏం చెబితే అది అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడని నేను అనుమానించాల్సింది.

ఆ రోజు పొద్దున మంచు పట్టి గడ్డి తెల్లగా ఉంది. ఆవులకి తెలిసిపోయింది, గేటు దగ్గర చేరి అరుస్తున్నాయి. గంటలన్నిట్లో గడ్డి కుక్కి సిద్ధంగా పెట్టాను. ముందు నడిచే ఫాల్కా మెడకి పెద్ద గంట తగిలించి, నాలుక కదలకుండా గుడ్డ కూడా చుట్టాను. జీపు వచ్చింది. కాసియన్ దిగాడు, హెర్మీనా దిగింది. అమ్మ నల్లబట్టల్లో, నాన్న కర్ర పట్టుకుని దిగింది. జీపు వెనక పూలకొట్టు కిరీటాలు, ఒకదాని మీద ఒకటి, పైన కాగితం కప్పి ఉన్నాయి.

"అమ్మా, నువ్వు చెప్పు," అన్నాను.

ఆవిడ ఫాల్కా దగ్గరికి వెళ్ళి దాని నుదురు నిమిరింది. మెడ గంటలో చెయ్యి పెట్టి, నేను చుట్టిన గుడ్డ విప్పి, గడ్డి లాగి కింద పడేసింది. తర్వాత జీపు దగ్గరికి వెళ్ళి అన్నిటికంటే పెద్ద కిరీటం తీసింది, అద్దం ఉన్నది.

"దీని తల పట్టుకో," అంది నాతో.

"అమ్మా. పోయింది నాన్న."

"తెలుసు. పట్టుకో."

నేను కదల్లేదు. కాసియన్ వచ్చి పట్టుకున్నాడు. అమ్మ కిరీటం కొమ్ముల మధ్య పెట్టి, పట్టీ వెనక నుంచి తెచ్చి ముడి వేసింది. ముడి వేస్తూ, మా ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"నా తొలిచూలు పిల్ల ఆగ్నెస్. నువ్వింకా పుట్టలేదు. మంద దిగడానికి వారం ముందు ఉయ్యాల్లో పోయింది. ఈ ఏడు పూలు వద్దని పైకి కబురు పంపాను. కింద ఇంట్లో పోయింది, కొండ మీద పోలేదు కదా అన్నాడు మీ నాన్న. పూలు కట్టి దించాడు. మేళం కూడా పెట్టించాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను."

ముడి లాగి బిగించింది. అద్దం సరిగ్గా ఉందో లేదో చూసి, కొంచెం ఎడమకి తిప్పింది.

"ఆయనా కొండ మీద పోలేదు," అంది. "ఆయన లెక్కే ఇది. నాది కాదు."

జీపెక్కి కూర్చుంది.

అప్పుడు నాకు సమాధి ఎడమ మూల గుర్తొచ్చింది. శిలువ మీద ఆగ్నెస్ అని చిన్న అక్షరాలు ఉన్నట్టూ గుర్తొచ్చింది. ఎవరో మేనత్త అనుకుని ఊరుకున్నాను ఇన్నేళ్ళూ. కాసియన్ మొహం చూశాను. వాడికి తెలుసు. ఆ ఆదివారం నా దగ్గరికి రాకముందే ఆవిడ వాడికి చెప్పి ఉంటుంది, అందుకే అంత తేలిగ్గా ఒప్పుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది, కానీ ఆ మంట ఎవరి మీద పెట్టాలో తేలలేదు. పిడుగు పడిన పరాయి ఆవుకి కొండంతా ఒకటే అన్న మనిషి, కన్నబిడ్డకి మాత్రం కొండనీ ఇంటినీ వేరు చేశాడు. ఆ మనిషి కోసమే నేను ఉత్త తలల మంద కావాలని పోరాడుతున్నాను.

మిగతా ఆవుల గంటల్లో గడ్డి తీసేసి, కాసియన్, హెర్మీనా వాటికీ పూలు కట్టారు. నేను కర్ర తీసుకుని ముందు నడిచాను. నా తర్వాత ఫాల్కా, దాని వెనక మంద, పక్కన కాసియన్. హెర్మీనా అమ్మని జీపులో ముందే కిందికి తీసుకెళ్ళింది.

నీలం బోర్డుల వెంటే దిగాం. అడవిలో, వాగు ఒడ్డున, ప్రతి మలుపులో సైకిళ్ళు పక్కన పడుకోబెట్టి జనం నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. గంటలు మోగిపోతున్నాయి. ఊరి మొదటి ఇల్లు పాంక్రజ్‌ది. ముసలాయన వాకిట్లో నిలబడ్డాడు, టోపీ అప్పటికే తీసి గుండెకి పట్టుకుని ఉన్నాడు. ఉత్త తలలు వస్తాయని అనుకున్నాడు ఆయన. ఫాల్కా తల మీద అద్దం తళుక్కుమనగానే నన్ను చూశాడు, దాన్ని చూశాడు. టోపీ మళ్ళీ పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాతి ఇంటివాళ్ళూ అంతే. నేను చర్చి దగ్గరికి చేరేసరికి వీధి నిండా జనం ఉన్నారు, అందులో మా ఊరివాళ్ళు లేరు. మేళం గట్టిగా వాయిస్తోంది. కాసియన్ చెయ్యూపుతూనే ఉన్నాడు, మూసిన తలుపులు లెక్కపెట్టుకుంటూ.

మా ఇంటి ముందుకి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. నా బతుకులో మొదటిసారి, మంద దిగే రోజున ఆవిడ గుమ్మంలో ఉంది. రెండు చేతులూ ద్వారబంధాలకి ఆనించి, మంద చివరి దూడ దాటిందాకా చూసింది. నేను ఆవిడ మొహం చూశాను. సంతోషం ఉంటుందని భయపడ్డాను. అది కూడా లేదు.

ఆవుల్ని కట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. బూరెలు వేగుతున్నాయి. ఒకటి పళ్ళెంలో వేసి, పైన పులిసిన క్యాబేజీ పెట్టి నా ముందుకి తోసింది. తినమంది. నేను తినలేదు.

"ఇప్పటికైనా చల్లారిందా అమ్మా?" అన్నాను.

మూకుట్లో బూరె తిరగేసింది. ఆ వైపు కూడా ఎర్రబడేదాకా ఆగింది.

"లేదు," అంది. "ఆయన చూడలేదుగా."

పళ్ళెం అలాగే వదిలేసి నేను మేడ మీదికి వెళ్ళి బట్టలు సర్దుకున్నాను. మరుసటి వేసవి నుంచి పైమేతలో వేరే ఆవిడ ఉంటోంది, చీజ్ బాగానే చేస్తుందట. నేను రెండు లోయల అవతల ఒక పాలకేంద్రంలో పని చేస్తున్నాను. అమ్మ క్రిస్మస్‌కి రమ్మంటుంది, వెళ్తాను. కాసియనూ నేనూ వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

సైకిళ్ళ వాళ్ళు ఇక్కడికీ వస్తారు. లాన్ చుట్టు తొక్కి వచ్చాం, ఎంత బాగుందో అంటారు. మధ్యలో ఒక చోట బెంచీ వేశారట, దాని మీద టోపీ పెట్టుకున్న ముసలాయన బొమ్మ ఉందట, గేటు తాత మలుపు అని పేరట. అక్కడ అందరూ ఫోటో తీసుకుంటారట. మొన్న ఒకమ్మాయి పిల్లల బండితో వచ్చి, ఆ దారి కష్టమా అండీ అని అడిగింది. కష్టమేం లేదమ్మా అని చెప్పాను. గేట్లు కూడా లేవిప్పుడు, మూడు చోట్లా నేలలో కడ్డీలు వేసేశారు. ఎక్కడా దిగక్కర్లేదు. చాలా తేలిక దారి.